వెనక లైటు

మా తమ్ముడు హరిబాబు కువైట్ నుంచి ఏం తెచ్చాడని ఎవరైనా అడిగితే మా అమ్మ వీరాయమ్మ ఒకటే మాట చెప్పేది. "ఏం తెచ్చేడండీ, భయం తెచ్చుకున్నాడు."

నిజమే. ఆరేళ్ళు అక్కడ ఒక గోడౌనులో పనిచేసి, గదికీ గోడౌనుకీ మధ్య రోజూ సైకిల్ తొక్కి వచ్చినవాడు వాడు. గదిలో పక్క మంచం మీద పడుకునే రాజోలు కుర్రాడొకడు ఓ సాయంత్రం సైకిల్ మీద బయల్దేరి గదికి చేరలేదట. వెనక నుంచి వచ్చిన కారువాడు చూడలేదు. ఆ ఒక్క ముక్క తప్ప హరిబాబు ఇంకేమీ చెప్పేవాడు కాదు. మన ఊరొచ్చి, ముక్తేశ్వరం అవతల రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలాకి కుదిరాడు. సాయంత్రం ఆరున్నరకి క్యారేజీ కట్టుకుని కాలవగట్టు రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు వెళ్ళాలి, తెల్లారాక తిరిగి రావాలి. మోటారు బండి నేర్చుకోరా అంటే నవ్వి ఊరుకునేవాడు. పనిలో చేరిన వారానికే నన్ను వెంటబెట్టుకుని అమలాపురం బయల్దేరాడు, సైకిల్‌కి లైట్లు కొనడానికి.

"లైటు కొనడానికి ఇద్దరం దేనికిరా?" అన్నాను.

"ఒకడు సైకిల్ దగ్గరుండాలి, ఒకడు దూరంగా నిలబడి చూడాలి అన్నయ్యా. లేకపోతే ఎలా తెలుస్తుంది?"

సైకిల్ షాపు విజయకుమార్ గారు కుర్చీలోంచి లేవకుండానే ముందు లైటు ఒకటి తీసి చూపించారు. అరచేతిలో ఇమిడిపోయే లైటు. నొక్కితే ఎదురుగా ఉన్న టైలర్ షాపు బోర్డంతా వెలిగిపోయింది. నాకు తెగ నచ్చేసింది.

"ఇది తీసుకోరా, కాలవలో చేప కూడా కనపడుద్ది" అన్నాను.

"ఇదీ ఉండాలి. కానీ ఇది మనకి కనపడ్డానికి అన్నయ్యా. మనం కనపడ్డానికి వేరే కావాలి" అని వాడు విజయకుమార్ గారి వైపు తిరిగాడు. "వెనక పెట్టుకునే ఎర్రవి ఎన్ని రకాలున్నాయండీ?"

"వెనక్కి అందరూ రేడియం స్టిక్కరే అంటించుకుంటారు బాబూ. పదేళ్ళు పోదు."

"అదీ ఇవ్వండి. కానీ ఇంకోళ్ళ లైటు పడితేగాని అది వెలగదు కదండీ. దానంతటది వెలిగేది కావాలి."

"ఆయ్" అన్నారాయన, ఇక లేవక తప్పదన్నట్టు. పైనుంచి అట్టపెట్టె దించారు.

నాలుగు రకాలున్నాయి. ఒక్కొక్కటే సీటు కింద పెట్టి, నన్ను రోడ్డు దాటి మిఠాయి కొట్టు దాకా నడిచి వెనక్కి తిరగమన్నాడు. కనపడుతుందా అని అక్కడి నుంచి కేక. కనపడుతుందిరా. పక్కనుంచి? పక్కనుంచీ కనపడుతుందిరా నాయనా. చీకటి కోసం షట్టరు సగం దించమన్నాడు. టీ కొట్టు దగ్గర మగ్గుడు నీళ్ళు అడిగి తెచ్చి, "తడిస్తే వెలుగుద్దో లేదో చూడాలండి" అని లైటు అందులో ముంచాడు. అప్పటికి చుట్టూ నలుగురు చేరారు. మూడో లైటు నీళ్ళలో ఆరిపోయింది, దాంతోపాటు విజయకుమార్ గారి మొహమూ మాడిపోయింది. నాలుగోది గోళీలా ఉబ్బెత్తుగా ఉండి మూడు వైపులా వెలిగే రకం. అది మగ్గులోనూ వెలుగుతూనే ఉంది. ఆరుతూ వెలుగుతూ ఉండేలా పెట్టుకోవచ్చని ఆయన చూపిస్తే వాడు వద్దన్నాడు. అలా మిణుకుమంటుంటే మనం ఎంత దూరంలో ఉన్నామో వెనకాల వచ్చేవాడికి అంచనా అందదట. ఆరకుండా వెలగాలట. క్యారేజీ అడ్డం రాకుండా సీటు రాడ్డుకి, ఇంత ఎత్తులో అని వేలితో చూపించి మరీ బిగించుకున్నాడు.

గంటన్నర పట్టింది. పెళ్ళిచూపుల్లో కూడా వాడు అంతసేపు కూర్చోలేదని ఇంటికొచ్చి చెబితే మా మరదలు దుర్గాభవాని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అమ్మ రెండు లైట్లకీ పసుపూ కుంకం పెట్టి, హ్యాండిల్‌కి నిమ్మకాయ కట్టింది. ఎర్రలైటు మీద బొట్టు మాత్రం వాడు తుడిచేశాడు. వెలుగు తగ్గుతుందట.

ఆ రోజు నుంచి ఆ లైటు దుర్గాభవాని చేతిలోకి వెళ్ళింది. పొద్దున వాడు రాగానే తీసి ఛార్జింగ్ పెట్టేది. సాయంత్రం క్యారేజీ అందించాక సైకిల్ వెనక నిలబడి తనే నొక్కి, వెలిగిందని చూసుకున్నాకే వెళ్ళి రండి అనేది. వీధి మలుపు తిరిగేదాకా ఆ ఎర్రచుక్కని చూసి లోపలికి వెళ్ళేది. ఊళ్ళో వాళ్ళు వాడికి 'పోలీసు జీపు' అని పేరు పెట్టారు. వాడు దానికీ నవ్వేవాడు.

కార్తీకం వెళ్తూనే సార్వా వరి కోతలు మొదలయ్యాయి. నాది రెండెకరాల కౌలు. మిషను కోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది, తేమ తగ్గితేగాని రైతు సేవా కేంద్రంలో సంచి ముట్టుకోరు. ఊళ్ళో కళ్ళాలన్నీ ఎప్పుడో ఇళ్ళ స్థలాలూ చేపల చెరువులూ అయిపోయాయి కనక మాకు రోడ్డే కళ్ళం. కాలవగట్టు తారురోడ్డులో సగం మేర ధాన్యం పోసి, అంచున రాళ్ళూ కొబ్బరి మట్టలూ పేర్చి, పొద్దంతా కాళ్ళతో తిరగేసి, చీకటి పడేవేళకి రాశిగా ఎగదోసి బరకం కప్పుతాం. తప్పని అందరికీ తెలుసు. అందరమూ పోస్తాం. దానికి తోడు ఆ వారం బంగాళాఖాతంలో తుఫానని టీవీలో ఒకటే గోల.

"రోడ్డు మీద పోయడం బాగోదన్నయ్యా. చీకట్లో ఎవరన్నా పడితే?" అన్నాడు హరిబాబు, రాత్రంతా చెరువుల మీద మేలుకుని వచ్చి కూడా నాతోపాటు ధాన్యం తిరగేస్తూ.

"మరి నీ నెత్తి మీద పోసుకుంటావా?" అన్నాను.

వాడి నోటి మాటే నిజమైంది. పక్క రాశి బాబ్జీది. మర్నాడు సాయంత్రం చీకటి పడగానే ఎవరో పొరుగూరాయన బండితో సహా దాని మీదకి ఎక్కి భుజం విరగ్గొట్టుకున్నాడు. తెల్లారి కానిస్టేబుల్ వచ్చాడు. ఇంకోసారి ఎవరైనా పడితే రాశి ఎవరిదైతే వాళ్ళ మీదే కేసు, రాత్రికి ఎర్రగా కనపడేది ఏదో ఒకటి పెట్టండి అని చెప్పి పోయాడు. బాబ్జీ ఆ పూటే తన ధాన్యం ట్రాక్టరుకెత్తుకుని ఇంటి పెరట్లోకి చేర్చేశాడు. మాకు పెరడు లేదు. నా భార్య సత్యదుర్గ తన పాత ఎర్రచీర చింపి వెదురు కర్రకి కట్టి ఇచ్చింది. ఆ కర్ర రాశిలో పాతి, చీకటి పడ్డాక నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూస్తే ఆ గుడ్డ ఎర్రదో నల్లదో దేవుడికే తెలియాలి.

సరిగ్గా అప్పుడు ఊరి వైపు నుంచి హరిబాబు సైకిల్ వచ్చింది. మంచు దిగుతోంది. వాడు దిగి, కర్ర వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"కనపడట్లేదన్నయ్యా."

"నాకూ తెలుసురా" అన్నాను. వాడి సైకిల్ వెనక ఎర్రలైటు నిలకడగా వెలుగుతోంది. నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. "అది ఈ రాత్రికి ఇలా ఇచ్చి వెళ్ళు."

వాడు సీటు మీద చెయ్యేసి నిలబడ్డాడు. "ఇది లేకుండా నేనెప్పుడూ వెళ్ళలేదన్నయ్యా."

"నీకు ముందు లైటుందిగా. దారి కనపడితే చాల్లే. నాలుగు కిలోమీటర్లకి ఏం కొంప మునిగిపోద్ది? రేపు అమలాపురం వెళ్ళి ఇలాంటిదే ఇంకోటి తెచ్చిపెడతాను."

"దారి కనపడ్డం కాదు..." అని ఆగిపోయాడు.

నేను వాడికంటే తొమ్మిదేళ్ళు పెద్ద. నాన్న పోయాక వాడు నా మాటకి ఎదురు చెప్పి ఎరగడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే అడిగాను.

టక్కున లైటు ఊడదీశాడు. నా చేతికివ్వలేదు. నాకు చేతకాదని వాడి నమ్మకం. తనే కర్ర కొసకి, వ్యాను డ్రైవరు కంటికి అందే ఎత్తులో, చీర పేలికతో బిగించి కట్టాడు. ముప్పై అడుగులు ఊరి వైపు నడిచి చూసి, వచ్చి కాస్త తిప్పాడు. మళ్ళీ వెళ్ళి చూశాడు. నాకు విజయకుమార్ గారి షాపు గుర్తొచ్చింది.

"అయ్యేయా నీ పెళ్ళిచూపులు?" అన్నాను.

నవ్వుతూ సైకిలెక్కాడు. రాశి దాటి కొంత దూరం వెళ్ళాక కాలు నేల మీద ఆనించి వెనక్కి తిరిగి చూశాడు.

"ఇటునుంచి కూడా బానే కనపడుతుందన్నయ్యా" అని కేకేశాడు.

ఆ తర్వాత వాడి ముందు లైటు వెలుతురు మంచులో కాసేపు కదిలింది. సైకిలూ మనిషీ మాత్రం పది బారల దూరంలోనే మాయమయ్యారు. రేడియం స్టిక్కరేమైందా అనుకున్నాను. కోతల రోజుల్లో ట్రాక్టర్లు రోడ్డంతా బురద చేసేస్తాయి, ఆ బురదే దాని మీదా పడి ఉంటుంది. ఇదంతా నేను గమనించాను. గమనించి, బరకం అంచుల మీద రాళ్ళు పెట్టుకునే పనిలో పడ్డాను.

మూడు నిమిషాలు కాలేదు, ఊరి వైపు నుంచి కోడిగుడ్ల వ్యాను వచ్చింది. దూరం నుంచే వేగం తగ్గించి, రాశిని తప్పించుకుని, ఒద్దికగా పక్కనుంచి పోనిచ్చాడు డ్రైవరు. తల బయటపెట్టి, "మంచి పని చేసేరండి, లైటు పెట్టేరు" అన్నాడు. నేను చెయ్యెత్తాను. నిజం చెప్పాలంటే ఛాతీ కూడా కాస్త పొంగింది. నా ధాన్యం మీద ఎవడూ పడడు, నా మీద కేసు రాదు అనుకున్నాను.

కాసేపటికి దూరంగా ఏదో చప్పుడైంది, ధాన్యం సంచి లారీ మీద నుంచి జారిపడ్డట్టు. కోతల రోజులు కదా, అదే అనుకున్నాను.

బాబ్జీ అటునుంచి బండి మీద వచ్చి నా ముందు ఆపేటప్పటికి నేను మెడకి తువ్వాలు చుట్టుకుంటున్నాను.

"అబ్బులూ, బండెక్కు" అన్నాడు. "తూము దగ్గర... మీ హరిబాబులా ఉన్నాడు."

వాడు తూము పక్కన గడ్డిలో పడి ఉన్నాడు. అప్పుడే నిద్రపట్టినవాడిలా, క్యారేజీ పక్కన. అన్నం చుట్టూ చిందిపోయి ఉంది. సైకిల్ వెనక చక్రం మడతపడిపోయింది. ముందు లైటు మాత్రం ఇంకా వెలుగుతూ కాలవలోకి చూస్తోంది. నేను షాపులో అన్నట్టే, నీళ్ళ అడుగుదాకా కనపడుతోంది.

డ్రైవరు పేరు రాజ్ కుమార్ అని తర్వాత తెలిసింది. తాగలేదు. జోరుగా కూడా తోలలేదు. గట్టు మీద కూలబడి, నన్ను గుర్తుపట్టి, నా కాళ్ళు పట్టుకున్నాడు.

"ధాన్యం దగ్గర లైటు కనపడిందండీ, తప్పించేను. మీరే చెయ్యెత్తేరు కదండీ. ఇక్కడేమీ కనపళ్ళేదండి. ఇక్కడేమీ లేదు కదండీ."

వాడన్నది అక్షరాలా నిజం. ధాన్యం దగ్గర లైటేమిటని ఎవరో అడిగారు. టార్చి, అన్నాను. నా నోటికి అదే వచ్చింది.

అంబులెన్సులో అమలాపురం తీసుకెళ్ళాం. చేరేసరికే లేడన్నారు. తెల్లవారుజామున ఇంటికి వస్తూ రాశి దగ్గర దిగాను. మంచులో ఆ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది, ఆరకుండా, వాడు కట్టిన ఎత్తులో. ఆర్పి, విప్పి జేబులో వేసుకున్నాను.

పోలీసులు రాసిన కాగితం మూడో రోజు బాబ్జీ చదివి వినిపించాడు. మృతుడు సైకిల్‌కి వెనక లైటు లేకుండా, అజాగ్రత్తగా, మంచులో ప్రయాణించినట్టు అందులో ఉంది. అప్పటిదాకా నోరు విప్పని దుర్గాభవాని గోడ దగ్గర నుంచి లేచి వచ్చింది.

"లైటు లేకపోవడమేంటండీ? నేను నొక్కి పంపించేను. వీధి మలుపు తిరిగేదాకా చూసేను. ఆయన్ని చంపింది చాలక అజాగ్రత్త మనిషని రాస్తారా?"

పక్కింటివాళ్ళు పట్టుకుని కూర్చోబెట్టారు. కానిస్టేబుల్‌ని అడిగితే, గుద్దినప్పుడు ఎగిరి ఎక్కడో పడి ఉండొచ్చు, దొరికితే పట్టుకురండి, రాద్దాం అన్నాడట. ఆ మాట పట్టుకుంది మా మరదలు. మైల రోజుల్లో తను గడప దాటకూడదు కనక నన్ను పిలిచింది.

"బావగారూ, గట్టు మీద గడ్డిలోనే ఉంటుందండి. కాస్త వెతికించండి. ఆయన పేరు మీద ఆ మాట ఉండకూడదండి."

వెతికించాను. ఊరు ఊరంతా వచ్చింది. వాణ్ణి పోలీసు జీపన్నవాళ్ళే మోకాళ్ళ మీద పాకుతూ గడ్డి దువ్వారు. ఇద్దరు కాలవలోకి దిగి కాళ్ళతో బురద తడిమారు. బాబ్జీ కొడవలి తెచ్చి తుమ్మ డొంక మొత్తం కొట్టేశాడు. వాళ్ళ మధ్య నేనూ వంగి వెతికాను, వంగినప్పుడల్లా జేబులో లైటు గుండెకి తగిలేది. నాలుగు రోజులు పొద్దున్నే వెళ్ళి లేనిదాన్ని వెతికాను. ఇంటికి రాగానే ఆమె గదిలోంచి, "దొరికిందాండీ?" అనేది. లేదమ్మా అనేవాణ్ణి. రేపు దొరుకుతుందిలెండి అని, తనే నాకు ధైర్యం చెప్పేది.

నాలుగో రోజు ఒంటరిగా వెళ్ళి లైటు తీసి గడ్డిలో పెట్టాను. ఎవరికో ఒకరికి దొరుకుతుంది. వాడి పేరు నిలబడుతుంది. నా సంగతి ఎవరికీ తెలియదు. రెండడుగులు వెళ్ళి వెనక్కి వచ్చాను. దాని మీద ఒక్క గీత లేదు. వ్యాను గుద్దిన లైటని చూపించడానికి ఒక్క గీతైనా లేదు. రాయి తీసుకుని కొట్టబోయాను. చెయ్యి రాలేదు. మళ్ళీ జేబులో వేసుకున్నాను.

ఆ చొక్కా ఉతకడానికి తీసినప్పుడు సత్యదుర్గ చేతికి తగిలింది. వాకిట్లో నా ముందుకొచ్చి అరచెయ్యి తెరిచింది. ఆ రోజు కర్రకి చీర కట్టింది తనే కదా, విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

"పెద్దకార్యం అయ్యేదాకా చూస్తాను. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది.

పెద్దకార్యం అయిన మర్నాడు పొద్దు వాలుతుండగా వెళ్ళాను. అమ్మ లోపల గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. దుర్గాభవాని వంటింటి గడపలో కూర్చుని ఉంది. లైటు ఆమె ముందు నేల మీద పెట్టాను.

చప్పున తీసుకుంది. అన్ని రోజుల్లో ఆమె మొహంలో ప్రాణం కనపడింది అప్పుడే. "ఎక్కడ దొరికిందండీ బావగారూ?"

"దొరకలేదమ్మా. నా దగ్గరే ఉంది. ఆ సాయంత్రం రాశి మీద పెట్టడానికి అడిగి తీసుకున్నాను. ఇది లేకుండా ఎప్పుడూ వెళ్ళలేదన్నాడు. నేనే, దారి కనపడితే చాల్లే అన్నాను."

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె లైటుని అటూ ఇటూ తిప్పి చూసింది. నొక్కింది. వెలగలేదు.

"ఛార్జింగ్ అయిపోయిందండి" అంది. కొంతసేపటికి మళ్ళీ, "వెళ్ళేటప్పుడు ఏమన్నా అన్నారాండీ?"

చెప్పకుండా ఉందామనుకున్నాను. కానీ ఆ మాట నాది కాదు, ఆమెది.

"కొంత దూరం వెళ్ళి వెనక్కి తిరిగి చూసేడమ్మా. ఇటునుంచి కూడా బానే కనపడుతుందన్నయ్యా, అన్నాడు."

"ఆయ్" అంది దుర్గాభవాని.

లేచి లోపలికెళ్ళి, ఎప్పుడూ పెట్టే చోటే, లైటుకి వైరు తగిలించింది. మళ్ళీ బయటికి రాలేదు. ఆ తర్వాత నన్ను బావగారని పిలవలేదు. ఎదురుపడితే అండీ అంటుంది, ఏదైనా చెబితే ఆయ్ అంటుంది. మర్యాదకి ఏ లోటూ రానివ్వదు. అమ్మ గోడ వైపు తిరిగి అంతా విన్నదని నాకు తెలుసు. ఇప్పుడు నేను వెళ్ళినా గోడ వైపే తిరిగి ఉంటుంది.

స్టేషన్‌కి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. రాసిందేదో రాసేశాం, ఇప్పుడివన్నీ దేనికి, వెళ్ళండి అన్నారు. కాగితంలో మా తమ్ముడు అజాగ్రత్త మనిషిగానే ఉండిపోయాడు.

తుఫాను పైకి మళ్ళి ఒడిశా వైపు పోయింది. మేం చావింట్లో ఉన్న రోజుల్లో బాబ్జీ వాళ్ళే మా ధాన్యం తిరగేసి, ఆరబెట్టి, సంచులకెత్తి పంపించేశారు. తేమ చూసినవాళ్ళు వంక పెట్టలేదు. రాశి మీదకి బండి ఎక్కలేదు, వాన పడలేదు. ఆ సార్వాకి మా ధాన్యంలో ఒక్క గింజ పోలేదు.